మూకీ కామెడీ బొమ్మ వేయాలంటే

పాత మూకీ కామెడీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒకటే దృశ్యం. కీ ఇచ్చిన బొమ్మల్లా మనుషులు టకటకా నడుస్తుంటారు, ఎవరో ఎవరినో తరుముతుంటారు, వెనక పియానో ఊపిరి తీసుకోకుండా మోగుతుంటుంది. ఐదు నిమిషాలకల్లా చూసేవాళ్ల చేతుల్లోకి ఫోన్లు వచ్చేస్తాయి. ఈ పాపం ఆ కాలం కమెడియన్లు బస్టర్ కీటన్‌దీ కాదు, చార్లీ చాప్లిన్‌దీ కాదు. వేగం తప్పిన కాపీ, అడ్డంగా సాగదీసిన ఫ్రేము, సినిమాతో సంబంధం లేని సంగీతం కలిసి చేసే నిర్వాకం అది. ఆ మూడూ సరిచేస్తే వందేళ్ల కిందటి రెండు రీళ్ల చిన్న సినిమాకి మన అపార్ట్‌మెంట్ పిల్లలూ, వాళ్ల తాతలూ ఒకే క్షణంలో నవ్వుతారు.

ముప్పై నలభై మంది కూర్చునే కమ్యూనిటీ హాలు, స్కూలు గది, మేడ మీద డాబా, ఇలాంటి చోట ఒక సాయంత్రం మూకీ కామెడీ ఆడించాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. కావలసినవి ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, ఒక స్పీకర్, వాయించేవాళ్లు ఒకరు, టైటిల్స్ (మాటలు రాసి మధ్యమధ్య తెర మీద చూపే కార్డులు) చదివేవాళ్లు ఒకరు, ముందుగా రెండు సాయంత్రాల కసరత్తు.

ఏ సినిమాలు, ఏ వరసలో

విరామం కాకుండా మొత్తం ఆట వంద నిమిషాలు దాటకూడదు. నవ్వు అలసట తెప్పిస్తుంది. రెండు గంటలు దాటితే ఎంత మంచి సీనుకైనా జనం చిరునవ్వుతో సరిపెడతారు. రెండు చిన్న సినిమాలు, పది నిమిషాల విరామం, తర్వాత ఒక పెద్ద సినిమా. ఈ లెక్క బాగా కుదురుతుంది.

మొదటిది చాప్లిన్‌దే వేయండి. ముఖం అందరికీ తెలుసు కాబట్టి పరిచయానికి టైము పట్టదు. 1916, 17లలో మ్యూచువల్ కంపెనీకి ఆయన తీసిన 12 రెండు రీళ్ల సినిమాల్లో ‘ది ఇమ్మిగ్రెంట్’ (1917) మనవాళ్లకి సులువుగా పడుతుంది. రెండో సగమంతా హోటల్లోనే. చార్లీ జేబుకి చిల్లు, నాణెం జారిపోయింది, ఆ సంగతి అతనికింకా తెలీదు. పక్క టేబుల్ దగ్గర పది సెంట్లు తక్కువిచ్చిన మనిషిని కొండంత వెయిటరు కుళ్లబొడుస్తున్నాడు. బిల్లు రాబోతోంది. ఈ పరిస్థితిని ఏ భాషలోనూ వివరించక్కర్లేదు. అదే వరసలోని ‘వన్ ఏ.ఎం.’ని మాత్రం మొదట పెట్టకండి. దాదాపు సినిమా అంతా ఒకే మనిషి తాగి ఇంట్లో మెట్లెక్కడానికి పడే పాట్లు. పనితనం గొప్పదే కానీ కొత్తవాళ్లకి మధ్యలో ఓపిక సడలుతుంది.

రెండోది బస్టర్ కీటన్ ‘వన్ వీక్’ (1920). కొత్త దంపతులకి పెట్టెల్లో ముక్కలుగా వచ్చిన ఇల్లు బహుమతిగా దొరుకుతుంది. గిట్టనివాడొకడు పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో తెర మీద చూడాల్సిందే. సొంతిల్లు కట్టుకున్న ప్రతివాడూ దీనికి నవ్వుతాడు, కాస్త బాధగానే.

విరామం తర్వాత పెద్ద సినిమా. పిల్లలు ఎక్కువుంటే కీటన్ ‘షెర్లాక్ జూనియర్’ (1924). ముప్పావు గంటే, ఎక్కడా జారదు. పెద్దవాళ్లుంటే హెరాల్డ్ లాయిడ్ ‘సేఫ్టీ లాస్ట్’ (1923), గంటా పావుకి కొంచెం తక్కువ, దాన్ని వేస్తే ముందు చిన్న సినిమా ఒక్కటే వేయండి. భవనం ఎక్కే భాగం చివర్లో వస్తుంది. ముందు భాగం నెమ్మదిగా ఉంది కదా అని కత్తిరించడానికి మాత్రం చూడకండి. కుర్రాడు ఎందుకు ఎక్కక తప్పలేదో ఆ భాగమే చెబుతుంది. అది లేకపోతే గడియారం ముల్లు పట్టుకుని వేలాడటం ఉత్త సర్కస్ ఫీటు అవుతుంది.

లారెల్, హార్డీల ‘బిగ్ బిజినెస్’ (1929) రెండోసారి ఆటకి దాచుకోండి. అందులో పరుగులు దాదాపు ఉండవు. ఒకడు అవతలివాడి ఇంటి తలుపు పీకుతుంటే రెండోవాడు చేతులు కట్టుకుని చూస్తాడు. తర్వాత తన వంతు వచ్చాక వెళ్లి కారు దీపం పీకుతాడు. ఆ మర్యాదలోనే నవ్వంతా ఉంది, కానీ మూకీ అంటే పరుగులే అనుకుని వచ్చినవాళ్లకి అది అందడానికి కొంచెం అలవాటు కావాలి.

ఏ సినిమా అయినా ముందుగా మీరు మొదటి నుంచి చివరిదాకా చూడాలి. ఆ కాలం అమెరికా సినిమాల్లో నల్లవాళ్లని, యూదుల్ని వెక్కిరించే ముక్కలుంటాయి. కీటన్ ‘సెవెన్ ఛాన్సెస్’, ‘ది ప్లేహౌస్’లలో ముఖానికి నల్లరంగు పూసుకున్న పాత్రలు కనిపిస్తాయి. పిల్లల ఆటకి అవి వద్దు. పెద్దవాళ్ల ఆటకి వేస్తే ముందే రెండు మాటల్లో చెప్పేయండి.

కాపీ పరీక్ష

ఒకే సినిమాకి నెట్‌లో పది కాపీలు దొరుకుతాయి. పాత సినిమాలు ఉచితంగా దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో ఉన్నవాటిలో బాగున్నవీ ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. పాత సినిమాల్ని బాగుచేసే సంస్థలు, ఇటలీలోని బొలోన్యా సినిమాటెక్, పారిస్‌లోని లాబ్‌స్టర్ ఫిల్మ్స్ పునరుద్ధరించిన డిస్కులు దొరికితే అంతకన్నా మంచిది లేదు. ఏ కాపీ దొరికినా ఐదు నిమిషాల్లో దాని జాతకం చెప్పొచ్చు.

మొదట టైటిల్ కార్డు దగ్గర ఆపండి. ఎడమ పక్క అక్షరాలు తెగిపోయాయా? మూకీల్లో బొమ్మ ఫిల్మ్ వెడల్పంతా పరుచుకునేది. టాకీలొచ్చాక ఎడమ పక్క కొంత చోటు శబ్దానికి ఇచ్చేశారు. పాత నెగటివ్‌ని టాకీ పద్ధతిలో ముద్రించినప్పుడు ఆ పక్క బొమ్మ పోయింది. అక్షరాలు తెగితే ప్రతి సీనులోనూ అంత మేరా తెగినట్టే. ఎడమ నుంచి దూసుకొచ్చే కారు ఆలస్యంగా కనిపిస్తుంది, సీను పేలదు.

రెండోది, ఎండలో ముఖాలు చూడండి. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండి కళ్లు మాత్రమే రెండు చుక్కల్లా కనిపిస్తే అది కాపీకి కాపీకి కాపీ. కీటన్ నవ్వడు. అతని నటన అంతా కళ్లలో, మెడ తిప్పడంలో ఉంటుంది. కళ్లు కనబడని కీటన్‌ని వేయడం దండగ.

మూడోది, వీఎల్‌సీ ప్లేయర్‌లో సినిమా ఆపి ‘ఈ’ కీ ఒక్కోసారి నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ ముందుకి జరపండి. ప్రతి మూడో ఫ్రేమూ ముందుదానికి నకలులా ఉంటే, అది సెకనుకి 16 ఫ్రేముల వేగాన్ని 24కి తేవడానికి ఫ్రేముల్ని రెట్టించి ముద్రించిన కాపీ. నడక కుదుపులుగా వస్తుంది. దాన్ని ఇంట్లో బాగుచేయడం కష్టం, వేరే కాపీ వెతుక్కోండి. అడ్డంగా దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే మాత్రం భయం లేదు, ‘డీ’ కీ నొక్కితే చాలావరకు పోతాయి.

బొమ్మ కాసేపు నీలంగా, కాసేపు పసుపుగా మారితే లోపం అనుకోకండి. రాత్రిని నీలంతో, దీపాల వెలుగుని పసుపుతో అద్దడం ఆ రోజుల్లో మామూలే. రంగు తీసేసి నలుపు తెలుపు చేస్తే రాత్రి సీను పట్టపగల్లా కనిపిస్తుంది.

వేగం

అసలు పని ఇక్కడుంది. మిగతా అన్నిటికీ పెట్టే శ్రమలో సగం దీనికే పెట్టండి.

మూకీ రోజుల్లో కెమెరాని చేత్తో తిప్పేవాళ్లు. సెకనుకి ఇన్ని ఫ్రేములు అనే కట్టుబాటు లేదు. 16 నుంచి 24 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. శబ్దం వచ్చాక 24 స్థిరపడింది. 18 దగ్గర తీసినదాన్ని 24 దగ్గర నడిపితే మూడో వంతు ఎక్కువ వేగం. మన మనసులో పాతుకుపోయిన ఆ టకటక నడక అక్కడిదే.

లెక్క సులువు. 35 ఎంఎం ఫిల్మ్ అడుగుకి 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల నిండు రీలుకి 16,000 ఫ్రేములు. 16 వేగంతో నడిపితే 16 నిమిషాల 40 సెకన్లు, 18తో 14 నిమిషాల 49, 20తో 13 నిమిషాల 20, 22తో 12 నిమిషాల 7, 24తో 11 నిమిషాల 7 సెకన్లు. రీళ్లన్నీ నిండుగా ఉండవు కాబట్టి ఇది పై లెక్క మాత్రమే. రెండు రీళ్ల సినిమా మీ కాపీలో 15 నిమిషాలకే అయిపోతుంటే మాత్రం అనుమానించాల్సిందే. అతివేగంగా అయినా నడుస్తోంది, ముక్కలైనా పోయాయి. ‘వన్ వీక్’కే 20 నిమిషాల లోపు కాపీలూ ఉన్నాయి, 25 నిమిషాలు నడిచేవీ ఉన్నాయి.

మీ కాపీ ఏ వేగంతో తీసిందో అంచనా వేయడానికి చిట్కా ఒకటుంది. పది అడుగుల ఎత్తు నుంచి జారిన వస్తువు నేల తాకడానికి సుమారు 0.8 సెకను పడుతుంది. 1920లో అయినా అంతే, ఇవాళ అయినా అంతే. మొదటి అంతస్తు కిటికీలోంచి ఏదైనా పడే సీను పట్టుకుని, వదిలిన ఫ్రేము నుంచి నేల తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 16 వస్తే కెమెరా 20 దగ్గర తిరిగింది. 14 వస్తే 18కి కాస్త తక్కువ. 19 వస్తే 24. నకలు ఫ్రేములు లేని కాపీకే ఈ లెక్క పనిచేస్తుంది. విసిరిన వస్తువు పనికిరాదు, దానంతటది జారి పడాలి.

అయితే ఇందులో మెలిక ఉంది. కామెడీ వాళ్లు కావాలనే కెమెరా నెమ్మదిగా తిప్పించేవాళ్లు, తెర మీద చురుగ్గా కనిపించాలని. తరుముకునే సీన్లలో ఇంకా నెమ్మదిగా. అంటే ఆ సీన్ల వేగం నటనలో భాగం. పడే వస్తువు సరిగ్గా పడేదాకా సినిమా మొత్తాన్ని నెమ్మదింపజేస్తే తరుముడు సీను నీళ్లలో నడిచినట్టు తయారవుతుంది. అందుకని వేగం చూసుకోవడానికి హడావుడి సీను ఎంచుకోకండి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీనో, వెనక రోడ్డు మీద దారిన పోయేవాళ్లు నడిచే సీనో చూడండి. కమెడియన్‌ని కాకుండా వెనకవాళ్లని చూడండి. వాళ్లు ఆఫీసు టైముకి బస్సు కోసం వెళ్లేవాళ్లలా నడుస్తుంటే సరిపోయింది. పరిగెత్తుతున్నట్టుంటే తగ్గించండి, గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టుంటే పెంచండి. పొగ, కర్టెన్లు, గుర్రం తోక కూడా మంచి సాక్షులే.

తగ్గించడం ఎలా? 20 వేగంతో తీసినది 24 వేగం ఫైల్‌గా ఉంటే 20ని 24తో భాగించండి, 0.83. 18 అయితే 0.75. ఫైల్ 25 వేగంది అయితే 20కి 0.80. వీఎల్‌సీలో స్క్వేర్ బ్రాకెట్ కీలతో పదో వంతు చొప్పున తగ్గుతుంది, పెరుగుతుంది. ‘ఈక్వల్ టు’ కీ నొక్కితే మామూలు వేగానికి వస్తుంది. 0.83కీ 0.8కీ తేడా ఎవరూ పట్టరు. 0.75 కన్నా కిందికి మాత్రం దిగకండి. ఇంకా తగ్గించాల్సి వస్తోందంటే కాపీయే చెడిపోయింది. వేగం తగ్గించగానే ఫైల్‌లో ఉన్న సంగీతం ఈడ్చినట్టు అవుతుంది కాబట్టి దాన్ని మ్యూట్ చేసేయాల్సిందే. పునరుద్ధరించిన డిస్కుల్లో వేగం చూసే చేసుంటారు, వాటిని ముట్టుకోకండి.

టీవీలో వేస్తుంటే ఇంకో దెయ్యం ఉంది. లేని ఫ్రేముల్ని టీవీయే ఊహించి మధ్యలో ఇరికిస్తుంది. శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు. ఆపేయండి. లేకపోతే విసిరిన చెయ్యి చుట్టూ పొగలాంటి చార కనిపిస్తుంది, చెంపదెబ్బ తగిలిన క్షణమే మసకబారుతుంది.

తెర, కాళ్లు

మూకీల ఫ్రేము దాదాపు 4:3, మన తెరలన్నీ 16:9. పక్కల నల్లగా మిగులుతుందని కొందరు సాగదీస్తారు, కొందరు జూమ్ చేస్తారు. సాగదీస్తే సన్నటి కీటన్ కూడా బొద్దుగా తయారవుతాడు. జూమ్ చేయడం అంతకన్నా ఘోరం. తలా కాళ్లూ తెగిపోతాయి. ఈ కమెడియన్లు ఫ్రేములో తల నుంచి పాదం దాకా కనిపించేలా నిలబడేది ఊరికే కాదు, సగం కామెడీ కాళ్లలో ఉంటుంది. చాప్లిన్ మలుపు తిరిగేటప్పుడు ఒంటికాలి మీద జారి ఆగుతాడు. పాదం కనిపించకపోతే అది ఉత్త మలుపు. వీఎల్‌సీలో ‘ఏ’ కీ నొక్కుతూ 4:3 దగ్గర ఆగండి, ప్రొజెక్టర్ మెనూలో కూడా సాగదీసే సెట్టింగు లేకుండా చూసుకోండి.

16:9 ప్రొజెక్టర్ బొమ్మ 8 అడుగుల వెడల్పు ఉంటే ఎత్తు 4.5 అడుగులు. అందులో మీ సినిమా 6 అడుగుల వెడల్పే పడుతుంది. త్రో రేషియో (తెర దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌ని 12 అడుగుల దూరంలో పెట్టాలి. చివరి వరస తెర ఎత్తుకి ఆరు రెట్లు, అంటే 27 అడుగులు దాటితే టైటిల్స్ కనబడవు. చీకటి గదికి రెండు వేల నుంచి మూడు వేల ల్యూమెన్ల వెలుగు చాలు. ‘డైనమిక్’, ‘వివిడ్’ మోడ్‌లు ముఖాల్ని కాల్చేస్తాయి, ‘సినిమా’ మోడ్ పెట్టండి. తెరకి దుప్పటి కడితే ముడతలు పడుతుంది, సగం వెలుగు వెనక్కి పోతుంది. ఫ్లెక్సీ బ్యానర్ వెనక వైపు వాడితే మధ్యలో మెరుపు మచ్చ వస్తుంది. మెరుపు లేని తెల్ల పెయింటు వేసిన గోడ ఈ రెండిటికన్నా నయం. ప్రొజెక్టర్‌ని ఓరగా పెట్టి కీస్టోన్ కరెక్షన్‌తో (వంకరగా పడ్డ బొమ్మని మెనూలోంచి చతురస్రంగా లాగే సెట్టింగు) సరిచేయడం కన్నా తిన్నగా పెట్టడమే మేలు. ఈ తోపులాటల కామెడీకి 1912లో ఊపు తెచ్చిన మాక్ సెనెట్ స్టూడియో పేరు కూడా కీస్టోనే. ఆ పేరుతో వచ్చేది ఏదైనా బొమ్మని కాస్త వంకర చేస్తుంది మరి.

సీలింగ్ ఫ్యాను రెక్క కాంతికి అడ్డం వస్తోందేమో ముందురోజే చూసుకోండి. ఆట మొదలయ్యాక ప్రతి ఫ్రేములో రెక్క నీడ తిరుగుతుంటే ఫ్యాను ఆపాలి, ఆపితే జనం లేచిపోతారు.

టైటిల్స్ తెలుగులో

రెండు దారులున్నాయి. ఒకటి సబ్‌టైటిల్ ఫైల్. నోట్‌ప్యాడ్‌లో టైము వేసి తెలుగు వాక్యం రాసుకుంటూ పోవడమే. ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేయకపోతే అక్షరాల బదులు చెత్త గుర్తులొస్తాయి. వీఎల్‌సీలో ఫాంటు తెలుగుది పెట్టకపోతే ఖాళీ డబ్బాలొస్తాయి, నోటో సాన్స్ తెలుగు పెడితే సరిపోతుంది. ఫైల్‌కి సినిమా పేరే పెడితే దానంతటదే వచ్చేస్తుంది, వేగం తగ్గించినా వెంటే నడుస్తుంది.

రెండోది, ఒక మనిషి తెర పక్కన నిలబడి చదవడం. చదవడం రాని చిన్నపిల్లలు, అద్దాలు మర్చిపోయిన పెద్దలు ఉన్నచోట ఇదే మేలు. జపాన్‌లో ఈ పని చేసే బెన్షిలకి సినిమా తారలంత పేరుండేది. మన దేశంలోనూ మూకీల రోజుల్లో తెర పక్క నుంచి కథ చెప్పేవాళ్లుండేవాళ్లు.

చదివే మనిషికి నియమాలు కొన్నే. కార్డు పడ్డాక అర సెకను ఆగి మొదలుపెట్టాలి, కార్డు పోయేలోగా ముగించాలి. ఐదు సెకన్ల కార్డుకి తెలుగులో ఎనిమిది పదాలు మించితే తరవాతి సీను మీదికి మాట పొర్లుతుంది. అందుకని ఉన్నదున్నట్టు అనువదించకండి, సారం చెప్పండి. హరిదాసు పిట్టకథలు చెప్పినట్టు మధ్యలో సొంత జోకులు వేయకండి. ఇది అందరూ చేసే తప్పు. చెప్పేవాడికి ఒక నవ్వు వస్తుంది, ఆ నవ్వు కింద కీటన్ మూడు నవ్వులు పోతాయి. పాత్రల గొంతులు మార్చి మాట్లాడాల్సిన పని కూడా లేదు. పక్కింటాయనకి కబురు చెప్పినంత మామూలుగా చెప్పండి.

కార్డులే కాదు, సీనులో కనిపించే రాతల్ని కూడా చూసుకోవాలి. ఉత్తరాలు, బోర్డులు, ‘వన్ వీక్’లో రోజుల్ని చెప్పే క్యాలెండర్ కాగితాలు. కాగితం చిరిగినప్పుడల్లా వారం పేరు ఒక్కటి చెబితే చాలు. ఆ సినిమా చివర్లో కీటన్ తగిలించే బోర్డుకి మన భాషలో సిద్ధంగా ఒక మాట ఉంది, ప్రతి ఊళ్లో ఖాళీ స్థలం గోడ మీద కనిపించేదే: “అమ్మబడును”. అలాగే చదవండి. “అమ్మకానికి ఉంది” అంటే నవ్వు సగమే వస్తుంది.

సంగీతం, నిశ్శబ్దం

మూకీలు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఆడలేదు. ఊరి హాల్లో పియానో, పట్నంలో పెద్ద వాద్యబృందం. మీకు కీబోర్డో హార్మోనియమో ఒకటి, తబలానో డోలకో ఒకటి చాలు. గదిలో డప్పు వద్దు, నవ్వులు వినబడవు. జనం నవ్వు వాద్యం కన్నా పైన వినబడాలి, అదే కొలత. ఒకరి నవ్వు పక్కవాళ్లకి వినబడితేనే అంటుకుంటుంది.

సినిమాకి మూడు బాణీలు సిద్ధం చేసుకోండి. హీరోకి ఒకటి, ఇబ్బందికి ఒకటి, పరుగుకి ఒకటి. పరుగు బాణీని మొదటి నుంచే పై వేగంలో ఎత్తుకుంటే తర్వాత పెంచడానికి చోటుండదు. నిమిషానికి 110 దెబ్బల దగ్గర మొదలుపెట్టి 150 దాకా ఎక్కించండి. తెలిసిన సినిమా పాట వాయించకండి. జనం లోపల ఆ పాట మాటలు పాడుకుంటారు, నవ్వు పాటకి వస్తుంది, సీనుకి రాదు.

పడిన ప్రతిసారీ ‘ధడేల్’, జారిన ప్రతిసారీ ‘సుయ్‌య్’ అనిపించడం రెండో పెద్ద తప్పు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడిని కొట్టినప్పుడు తెర వెనక చెక్క మీద కాలితో తొక్కి చప్పుడు చేస్తారు. ఆ చప్పుడు బాగుంటుంది, ఎందుకంటే బొమ్మకి బరువు లేదు, చప్పుడే బరువు ఇస్తుంది. ఈ కమెడియన్లు బొమ్మలు కారు, నిజంగానే పడుతున్నారు. రీలుకి నాలుగైదు చప్పుళ్లు మించొద్దు. ఆ నాలుగూ దెబ్బ తగిలాకే పడాలి, ఒక్క ఫ్రేము ముందు కూడా కాదు. ఫోన్‌లోంచి బ్లూటూత్ స్పీకర్‌కి పంపితే చప్పుడు ఆలస్యంగా వస్తుంది. వైరు వాడండి, లేదా చేత్తోనే వాయించండి.

‘వన్ వీక్’ ముగింపుని విడిగా పదిసార్లు సాధన చేయాలి. ఇంటిని పీపాల మీద దొర్లిస్తూ తీసుకెళ్తుంటే సరిగ్గా రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. దూరంగా రైలు. మొగుడూ పెళ్లాం తోస్తారు, కదలదు. రైలు దగ్గరికొచ్చేసింది. ఇద్దరూ పక్కకి తప్పుకుని చూడలేక ముడుచుకుపోతారు. రైలు పక్క పట్టాల మీద నుంచి సాఫీగా వెళ్లిపోతుంది. హమ్మయ్య. అప్పుడు అవతలి వైపు నుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని తుక్కు చేస్తుంది.

మొదటి రైలుకి పరుగు బాణీ ఎక్కించుకుంటూ పోండి. అది పక్క నుంచి వెళ్తోందని తెలిసిన క్షణం వేళ్లు తీసేయండి. పూర్తిగా. గదిలో జనం ఊపిరి వదిలే చప్పుడు వినబడాలి. కావాలంటే హీరో బాణీ రెండు స్వరాలు మెల్లగా, అంతా చక్కబడినట్టు. రెండో రైలుకి హెచ్చరికగా చిన్న మోత కూడా ఉండకూడదు. తబలా వాళ్లు ఇక్కడే దొరికిపోతారు. వాళ్లకి రైలు వస్తోందని తెలుసు, చెయ్యి ముందే లేస్తుంది, ముందు వరసలో పిల్లాడు ఆ చెయ్యి చూసి “ఇంకోటొస్తోంది” అంటాడు, అంతే. గుద్దాక కూడా దెబ్బ అక్కర్లేదు, జనం అరుపే దెబ్బ. దుమ్ము తగ్గేదాకా ఆగి, కీటన్ బోర్డు పెట్టేటప్పుడు హీరో బాణీ మళ్లీ మొదటి నుంచి, ఏమీ జరగనట్టు.

‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928) తుఫాను సీనుకీ ఇదే పద్ధతి. రెండంతస్తుల ఇంటి ముందు గోడ మొత్తం కీటన్ మీద కూలుతుంది, పై కిటికీ ఖాళీలోంచి అతను నిలబడే మిగులుతాడు. అది నిజం గోడ, నిజం మనిషి. గోడ వాలడం మొదలైనప్పుడు సంగీతం ఉంటే జనానికి ఏదో జరగబోతోందని తెలిసిపోతుంది. తుఫాను మోత కొన్ని క్షణాల ముందే ఆపేయండి.

హక్కుల సంగతి

మన కాపీరైటు చట్టంలో సినిమాకి విడుదల తర్వాత 60 ఏళ్లు. 1920ల సినిమాలకి ఆ గడువు ఎప్పుడో తీరింది. కానీ సంగీతం విడి హక్కు, స్వరకర్త మరణించాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. చాప్లిన్ తన పాత మూకీలకి చాలా ఏళ్ల తర్వాత సొంతంగా సంగీతం చేశాడు, 1977లో పోయాడు, కాబట్టి ఆ బాణీలు 2037 చివరిదాకా ఆయన వారసులవే. కొత్త డిస్కుల్లో వినబడే సంగీతం కూడా ఇవాళ్టి స్వరకర్తలదే. మీ వాద్యాలు మీరే వాయించుకుంటే ఈ చిక్కే లేదు. ‘ది గోల్డ్ రష్’ వేసేటప్పుడు 1925 నాటి మూకీయో, 1942లో చాప్లిన్ గొంతుతో మళ్లీ వచ్చినదో చూసుకోండి. ఆ రెండోదానికి మీ వాద్యగాడూ అక్కర్లేదు, చదివే మనిషీ అక్కర్లేదు. ఆటని మీ సభ్యులకే, ఉచితంగా ఉంచండి. టికెట్టు పెట్టి ఊరందర్నీ పిలిస్తే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర్నుంచి బహిరంగ ప్రదర్శన నిబంధనలన్నీ వర్తిస్తాయి.

ఆట రోజు

పాతిక మంది వస్తారనుకుంటే పాతిక కుర్చీలే వేయండి, దగ్గర దగ్గరగా. రెండు వందల కుర్చీల హాల్లో పాతికమంది చెదిరి కూర్చుంటే ఎంత గొప్ప సినిమా అయినా చప్పగా ఉంటుంది. పిల్లల్ని ముందు చాప మీద కూర్చోబెట్టండి. పిల్లలు నవ్వడానికి సిగ్గుపడరు, వెనకవాళ్లకి దారి చూపిస్తారు. డాబా మీద అయితే మే నెలలో 7:15కి ముందు మొదలుపెట్టకండి, బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది. డిసెంబరులో 6:15కే మొదలుపెట్టొచ్చు.

ముందు మాట ఒక్క నిమిషం. సినిమా పేరు, ఏడాది, మనిషి పేరు. విశేషాలన్నీ తర్వాతకి ఉంచండి. 1919లో ఫొటో కోసం పట్టుకున్న డమ్మీ బాంబు నిజంగానే పేలి లాయిడ్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయనీ, గడియారం ఎక్కింది ఆ చేతితోనే, తొడుగు వేసుకుని, అనీ ముందే చెప్పేస్తే జనం సినిమా అంతా చెయ్యే చూస్తారు. అయిపోయాక చెప్పండి, ఆ సీను మళ్లీ వేయమంటారు. ‘షెర్లాక్ జూనియర్’లో రైల్వే నీళ్ల ట్యాంకు గొట్టం నుంచి పడ్డ నీటి దెబ్బకి కీటన్ మెడ ఎముక చిట్లిందనీ, ఆ సంగతి ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో బయటపడిందనీ కూడా అప్పుడే.

కరెంటు పోయే ఊరైతే ప్రొజెక్టర్ వెనక లేబుల్ మీద వాట్స్ చూసి మీ ఇన్వర్టర్ మోస్తుందో లేదో ముందురోజే నడిపి చూడండి. ల్యాంప్ ప్రొజెక్టర్లు వేడి మీద ఆగితే చల్లబడేదాకా మళ్లీ వెలగవు, ఐదు నిమిషాలు పట్టొచ్చు. ఆ చీకట్లో హీరో బాణీ వాయిస్తూ ఉండమనండి, జనం కదలరు. వెలుగొచ్చాక ఆగిన చోటి నుంచి కాకుండా ఒక నిమిషం వెనక నుంచి వేయండి. ఆగింది సరిగ్గా మొదటి రైలు పక్క నుంచి పోయిన చోట అయితే ఇల్లు పట్టాల మీద ఇరుక్కోక ముందుకి, ఇంకో నిమిషం వెనక్కి వెళ్లండి. తబలా వాళ్లకి చెయ్యి ఎత్తొద్దని మరోసారి చెప్పండి.